ఉద్దానపు చేపల పులుసు

శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో గ్రీష్మమును వర్ణించుచు ఒక పద్యమున భోగుల భోజనమును చిత్రించినాడు. లేతదనము దాటిన మామిడికాయలతో కలిపి, నూనెతో కమ్మగా తాలించి, నీరింకువరకు వండిన చేపముక్కలను వారు పగలు భుజింతురు. సంధ్యవేళ తోటలోని ఇసుకలో పాతి చల్లబరచిన కొబ్బరికాయల నీరు త్రావి, చేపల త్రేన్పుల కనరు పోగొట్టుకొందురు.

చేప, మామిడి, కొబ్బరి, ఇసుక. ఈ నాలుగును ఒక్క ఊరి పొలిమేరలోనే దొరకు సీమ శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని పెద్దలందురు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు కడలి యొడ్డు దాక వ్యాపించియున్నవి. పలాస జీడిపప్పు దేశమెల్ల నెరిగినదే. ఆ తోటలు ముగిసినచోట మత్స్యకారుల పల్లెలు మొదలగును. బారువ వద్ద మహేంద్రతనయ సముద్రమున కలియును. దక్షిణమున టెక్కలికి చేరువగా భావనపాడు తీరము కలదు.

బడిలో పిల్లలు మీనము, మత్స్యము, ఝషము అని పర్యాయపదములు వల్లింతురు. పల్లెలో పర్యాయపదములతో పని లేదు. నెత్తళ్ళు వేరు, కవళ్ళు వేరు, కానాగంతలు వేరు. వంజరము, చందువ, సొర వేరు. ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క వంట. నెత్తళ్ళను వేపుదురు, లేదా మామిడికాయతో దగ్గరగా వండుదురు. సొరను ఉడికించి, తోలు తీసి, పొడిగా చిదిమి పిట్టు చేయుదురు. బాలింతకు అది పాలు పట్టించునని తరతరాల నమ్మకము.

అన్నిటికి మిన్న పులుసు. వెడల్పు మూతి గల మట్టిచట్టిలో ఉల్లిపాయలు, కారము, పసుపు, మెంతులు నూనెలో మగ్గిన పిమ్మట చింతపండు రసము పోయుదురు. అది తెర్లునప్పుడు ముక్కలు జారవిడుతురు. ఆ మీదట గరిటె పెట్టరాదు. పెట్టినచో ముక్క చెదరును. ఇల్లాలు గుడ్డతో చట్టి అంచులు పట్టి మెల్లగా త్రిప్పును. పులుపు రుచికి మాత్రమే కాదు. చేప చచ్చిన పిదప దాని మాంసమున పుట్టెడి క్షారగుణము గల పదార్థములే నీచువాసనకు మూలము. పులుపులోని ఆమ్లము వాటిని అణచును. రసాయనశాస్త్రము చదువని అవ్వలు ఈ సూత్రమును చట్టిలోనే సాధించిరి. మరునాటికి పులుపు ముక్కలో ఇంకి, చద్దియన్నమున ఆ పులుసు మరింత రుచించును.

ఎల్ల దాటి ఒడిశాలో ప్రవేశించినంతనే వాసన మారును. ఆవాలు నూరి, ఆ ముద్దతో చేపను వండుట అచ్చట ప్రసిద్ధము. దానిని బెసర అందురు. తెలుగువారికిని ఆవ క్రొత్త కాదు. కాని మనము దానిని పనసపొట్టుకూరకు పెట్టుదుము, వారు చేపకు పెట్టుదురు. 1936లో ఒడిశా రాష్ట్ర మేర్పడువరకు టెక్కలి, పర్లాకిమిడి రెండును గంజాము జిల్లాలోనివే. ఆనాడు గీసిన గీత కచేరీలను విడదీసినది గాని, వంటయిండ్లను పూర్తిగా విడదీయలేదు.

ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని తూర్పుతీరమున మరపడవల వేట నిషేధింపబడును. మామిడికాయ దిగువేళయు అదియే. అప్పుడు ఆదుకొనునది ఎండుచేప. నౌపడ ఉప్పుమళ్ళు ఈ సీమకు పేరు తెచ్చినవి. ఉప్పు చేపలోని నీటిని లాగివేయును. నీరు లేనిచోట క్రుళ్ళు పుట్టించు సూక్ష్మజీవులు బ్రతుకజాలవు. ఎండునెత్తళ్ళను నిప్పులపై కాల్చి అంబలితో నంజుకొందురు. ఎండురొయ్యలను వంకాయతోనో పనసపిక్కలతోనో వండుదురు. చవకైన ఆహారము, పేదవానికి బలము.

ఆ బలమే నేడు కొందరికి భయమైనది. ఉద్దానములో ఏండ్ల తరబడి మూత్రపిండముల వ్యాధి ఇంటింటిని తాకుచున్నది. ఎందరో పరిశోధించినను ఇదియే కారణమని ఒక్కదానిని నిర్ధారింపలేకపోయిరి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తోటలను నేలగూల్చినది. రోగముతో క్రుంగిన ఇండ్లకు రాబడియు పోయినది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, కిడ్నీ పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి. హిరమండలము జలాశయము నుండి వంశధార నీటిని పల్లెలకు తెచ్చు పథకమును అప్పుడే మొదలైనది.

ఈ వ్యాధిగ్రస్తునకు వైద్యుడు మొట్టమొదట తగ్గింపుమనునది ఉప్పు. కనుక ఎండుచేప దూరమగును. మాంసకృత్తులు మితముగా తినవలెను. కనుక పచ్చిచేపయు లెక్కకు లోబడును. రోగము ముదిరినపుడు కొబ్బరినీరు కూడ వలదందురు. అందలి పొటాషియమును చెడిన మూత్రపిండములు వెలికి పంపలేవు, అది గుండెకు ముప్పు. రాయల భోగికి సంధ్యవేళ హాయి గూర్చిన ఆ నీటిని, ఉద్దానపు రైతు తన చేత నాటిన చెట్టు క్రింద కూర్చుండియు త్రావరాదు. పులుసు వండు ఇల్లాలు ఉప్పు వేయుటకు ముందే రోగి వంతును వేరొక గిన్నెలోనికి తీయవలసివచ్చును. వంటయందు ఇంతకన్న కష్టమైన విద్య లేదు.

నీరు బాగుపరచుట ప్రభుత్వము పని, కారణము కనుగొనుట శాస్త్రజ్ఞుల పని. ఉపాధ్యాయులు చేయదగిన పని ఒకటి మిగిలియున్నది. తీరపు బడులలోని పిల్లలచేత వారి అవ్వలనడిగించి చేపల పేర్లను, వాటి వంటలను వ్రాయించవలెను. అవ్వ చెప్పినది పుస్తకమున కెక్కినచో, రోగము తొలగిన నాడు ఆ యింట మరల ఒక్క చట్టియే పొయ్యి నెక్కును. అందేమి వేయవలెనో ఆనాటి పిల్లలకు తెలిసియుండును.