నీళ్లలో నానితే వేళ్లు ముడతలు ఎందుకు పడతాయి?

డాక్టరు గారికి చూపించుకుని, మందుల చీటీ చేత పట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఆగి అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. "బట్టలు పిండితే వేళ్లు ముసలోళ్ల వేళ్ల లెక్క ఎందుకైతయి సార్?" "మోచేతికి దెబ్బ తాకితే కరెంటు కొట్టినట్టు ఎందుకుంటది?" "కూసుంటే కాలు తిమ్మిరెందుకు ఎక్కుతది?" అడిగినవారే నవ్వేసి, "ఊకెనే అడిగిన" అని వెళ్లిపోతారు. జ్వరానికో కడుపునొప్పికో వచ్చి ఇలాంటి వాటితో డాక్టరు సమయం పాడుచేయకూడదని వారి మర్యాద. మాకైతే ఇవి చాలా ఇష్టమైన ప్రశ్నలు. మూడింటికీ జవాబు ఒక్కచోటే ఉంది. అది నరం.

ముందు ఒక మాట. మన వైపు చేతిమీద నీలంగా ఉబ్బి కనిపించే దాన్ని కూడా నరమనే అంటాం. సెలైన్ పెట్టేటప్పుడు "నరం దొరకలేదు" అంటాం. అది నిజానికి రక్తనాళం. ఇక్కడ మేము చెబుతున్న నరం వేరు. అది తెల్లటి దారంలా ఉంటుంది, అందులో రక్తం పారదు. వేలికి తగిలిన వేడిని, చల్లదనాన్ని, నొప్పిని మెదడుకు చేరవేయడం, మెదడు చెప్పిన పనిని కండరానికి చేరవేయడం దాని ఉద్యోగం.

ఇప్పుడు ముడతల సంగతి. నాట్లు వేసే రోజుల్లో పొద్దంతా మడిలో ఉన్న ఆడవాళ్ల చేతులు, కాళ్లు చూడండి. అరచేయి, వేళ్ల కొనలు, అరికాళ్లు ముడతలు పడి తెల్లగా పాలిపోయి ఉంటాయి. మోచేయి, పిక్క కూడా అదే నీళ్లలో తడిసినా వాటికి ముడతలు రావు. చర్మం నీళ్లు పీల్చి శనగల్లా ఉబ్బుతుంది, అందుకే ముడతలు అని చాలామంది అనుకుంటారు. ఎంతోకాలం చదువుకున్నవాళ్లూ అదే అనుకున్నారు. అయితే 1930లలో ఇంగ్లండులో థామస్ లూయిస్, జార్జ్ పికరింగ్ అనే ఇద్దరు వైద్యులు ఒక విచిత్రం గమనించారు. చేతి నరం దెబ్బతిని స్పర్శ పోయిన రోగి చేయిని నీళ్లలో పెడితే మిగిలిన వేళ్లు ముడతలు పడ్డాయి, స్పర్శ లేని వేళ్లు మాత్రం నున్నగానే ఉండిపోయాయి. చర్మం అదే, నీళ్లూ అవే. తేడా నరంలోనే ఉంది.

అసలు జరిగేది ఇది. అరచేతిలో, అరికాలిలో చెమట రంధ్రాలు చాలా దగ్గరదగ్గరగా ఉంటాయి. నీళ్లు ఆ రంధ్రాల గుండా లోపలికి పోతే అక్కడి ఉప్పు పాళ్లు మారతాయి. దాన్ని నరాలు కనిపెడతాయి. వెంటనే వేలి కొనలోని సన్నని రక్తనాళాలు బిగుసుకునేట్టు చేస్తాయి. ఇది మన ప్రమేయం లేకుండా, గుండె కొట్టుకున్నట్టు, చెమట పట్టినట్టు, దానంతట అదే జరిగే పని. రక్తం తగ్గితే వేలి కొనలోని మెత్తటి కండ కాస్త కుంచించుకుపోతుంది. పైనున్న చర్మం మాత్రం అంతే ఉంటుంది కాబట్టి లోపలికి లాగినట్టయి ముడతలు పడుతుంది. గాలి తగ్గిన బుడ్డ ముడతలు పడ్డట్టన్నమాట. పాలిపోవడానికీ కారణం రక్తం తగ్గడమే. గోరువెచ్చని నీళ్లలో అయిదు నిమిషాలకే మొదలవుతుంది, చల్లటి నీళ్లలో ఆలస్యమవుతుంది.

దీనివల్ల లాభమేమిటని అడిగేవారూ ఉన్నారు. 2013లో ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వారు కొందరి చేత నీళ్లలో మునిగిన గోళీలను ఏరించి చూశారు. వేళ్లు ముడతలు పడ్డప్పుడు వారు ఆ పని దాదాపు 12 శాతం త్వరగా ముగించారు. పొడి గోళీలతో అలాంటి తేడా లేదు. టైరు మీది గాళ్లు వాన నీటిని పక్కకు తోసినట్టు ముడతలు కూడా చేస్తాయని వారి ఊహ. ఆ మరుసటి ఏడాది జర్మనీలో మళ్లీ చేసి చూసినవారికి ఆ తేడా కనబడలేదు. కాబట్టి లాభం సంగతి ఇంకా తేలలేదు. నరం సంగతి మాత్రం తేలిపోయింది. 1973లో ఓ'రియన్ అనే శస్త్రవైద్యుడు దీన్నే ఒక పరీక్షగా ఉపయోగించవచ్చని వైద్య పత్రికలో రాశారు. చేతిని గోరువెచ్చని నీళ్లలో అరగంట ఉంచి ముడతలు పడని వేలేదో చూస్తే, నరం ఎక్కడ దెబ్బతిన్నదో తెలుస్తుంది. మాట రాని పసిపిల్లలకు చేయి కోసుకుపోయినప్పుడు ఇది బాగా పనికొస్తుంది. "ఇక్కడ తాకితే తెలుస్తోందా?" అని వారిని అడగలేం కదా.

ఇక మోచేయి. మోచేతి లోపలి వైపు ఎముకకు వెనుక ఒక చిన్న గాడి ఉంటుంది. మీ వేలు పెట్టి చూస్తే తగులుతుంది. చిటికెన వేలికి, దాని పక్కనున్న ఉంగరపు వేలిలో సగానికి పోయే నరం ఆ గాడిలోంచే పోతుంది. ఒంట్లో ముఖ్యమైన నరాలు చాలావరకు కండ కింద భద్రంగా ఉంటే ఇది అక్కడ చర్మం కిందే ఎముకను ఆనుకుని ఉంటుంది. తలుపుకో మంచం కోడుకో తగిలితే దెబ్బ నేరుగా దానికే. దెబ్బ మోచేతికి తగిలినా జివ్వుమనేది చిటికెన వేలు. ఎందుకంటే ఆ దారిలో వచ్చే వార్తలన్నీ వేలినుంచే వస్తాయని మెదడుకు అలవాటు. మధ్యలో పుట్టిన వార్తను కూడా అది వేలి ఖాతాలోనే రాసుకుంటుంది.

తిమ్మిరీ ఇలాంటిదే. కాలు మడిచి కూర్చున్నప్పుడు నరం నొక్కుకుపోతుంది, ఆ నరానికి అందే రక్తమూ తగ్గుతుంది. వార్తలు ఆగిపోతాయి, కాలు మొద్దుబారుతుంది. లేచి చాపగానే నరం మేలుకుని ఒక్కసారిగా తప్పుడు వార్తలన్నీ పంపుతుంది. ఆ చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉండేది అదే. రెండు మూడు నిమిషాల్లో సర్దుకుంటే భయం లేదు.

అయితే మన ప్రాంతంలో గొంతుకూర్చుని కలుపు తీసేవాళ్లు, పల్లికాయ ఏరేవాళ్లు ఎక్కువ. మోకాలికి కిందుగా, బయటివైపు ఎముక మీదుగా ఒక నరం పోతుంది. గంటల తరబడి గొంతుకూర్చుంటే అది నలిగి, లేచేసరికి పాదం పైకి లేవకుండా వేలాడవచ్చు. నడుస్తుంటే చెప్పు నేలకు రాసుకుంటుంది. గాలి సోకిందనో, పక్షవాతమనో కంగారుపడి నాటువైద్యానికి పరుగెత్తుతారు. చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో తిరిగి వస్తుంది కానీ డాక్టరుకు తప్పక చూపించాలి. నిజంగానే పక్షవాతమా కాదా అన్నది చూసి చెప్పాల్సిన విషయం. పనిలో అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయడం, చిన్న పీట వేసుకోవడం మంచిది. కూలి పనిలో మేస్త్రీ ఊరుకోడంటారు, అదీ మాకు తెలుసు. అందుకే మేస్త్రీలు కూడా ఇది చదవాలని మా కోరిక.

కన్ను అదరడం గురించి కూడా చాలామంది అడుగుతారు. ఆడవాళ్లకు ఎడమ కన్ను, మగవాళ్లకు కుడి కన్ను మంచిదంటారు. నిద్ర చాలకపోయినా, టీలు ఎక్కువైనా, అలసటకైనా రెప్పలోని కండరం అలా కొట్టుకుంటుంది. శకునం సంగతి మాకు తెలియదు, నిద్రపోతే తగ్గుతుంది. ముఖం సగమంతా లాగుతున్నా, రెప్ప పూర్తిగా మూతపడకపోయినా మాత్రం రండి.

ఇంతవరకు చెప్పినవన్నీ వచ్చి పోయేవి. రాకపోవడం, పోకపోవడం, ఈ రెండే మమ్మల్ని కలవరపెడతాయి. తిమ్మిరి వచ్చి పోకుండా ఉండిపోవడం, నీళ్లలో నానినా ఒక వేలికి ముడతలు రాకపోవడం.

మొదటిదానికి ఇప్పుడు పెద్ద కారణం షుగరు వ్యాధి. ఏళ్ల తరబడి షుగరు అదుపులో లేకపోతే పొడవైన నరాల కొనలు ముందు దెబ్బతింటాయి. అందుకే పాదాలు మొదలు. మొదట రాత్రిళ్లు మంటలు, తర్వాత మేజోళ్లు తొడుక్కున్నట్టు మొద్దుబారడం. "చెప్పు ఎక్కడ జారిపోయిందో సూసుకోలే" అని ఎవరైనా నవ్వుతూ చెబితే మేము నవ్వము. చెప్పు జారినా తెలియని కాలికి ముల్లు దిగినా తెలియదు. చైత్ర పౌర్ణమికి నల్లమలలోని సలేశ్వరం జాతరకు వేలమంది రాళ్ల దారిలో నడిచిపోతారు. మొక్కు అని కొందరు చెప్పులు లేకుండా నడుస్తారు. మంచి కాళ్లున్నవాళ్లకు బండ కాలితే అడుగు దానంతట అదే పక్కకు పడుతుంది. స్పర్శ లేని కాలు ఆ బండమీదే ఆగుతుంది. ఇంటికి వచ్చాక బొబ్బ చూసుకుంటారు, అది పుండవుతుంది, పుండు ఎముకకు దిగుతుంది. షుగరున్నవారు జాతరకైనా, చేనుకైనా చెప్పులు లేకుండా పోవద్దు. రోజూ పడుకునే ముందు పాదాల కింద చూసుకోండి. కనబడకపోతే ఇంట్లో పిల్లల్ని చూడమనండి.

రెండో కారణం కుష్ఠు. ఈ మాట రాయగానే పేజీ తిప్పేస్తారని తెలుసు, దయచేసి తిప్పకండి. 2005 చివరికి దేశం మొత్తం మీద పదివేల మందిలో ఒకరికన్నా తక్కువకు వచ్చిందని, ఇక ప్రజారోగ్య సమస్య కాదని ప్రభుత్వం ప్రకటించింది. అది విని వ్యాధే పోయిందని చాలామంది అనుకున్నారు. ఇప్పటికీ దేశంలో ఏటా లక్షకు అటూఇటుగా కొత్త రోగులు బయటపడుతున్నారు.

కుష్ఠు సూక్ష్మజీవికి ఒంట్లో చల్లగా ఉండే చోట్లు, చర్మానికి దగ్గరగా పోయే నరాలు ఇష్టం. మోచేతి గాడిలోని నరం గుర్తుందా? అది ముందుగా వాచిపోయే నరాల్లో ఒకటి. మచ్చ చూపించడానికి వచ్చినవారి మోచేయి వెనుక డాక్టరు వేలు పెట్టి తడిమేది అందుకే. ఆ నరం దెబ్బతింటే చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారి, తర్వాత పంజాలా ముడుచుకుపోతాయి.

వేళ్లు కుళ్లి రాలిపోతాయని ఒకప్పుడు అందరూ నమ్మారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ అది నిజం కాదని చూపించారు. నొప్పి తెలియక పొయ్యిమీది గిన్నెను వట్టి చేత్తో దించడం, పారకర్ర ఒరిసి పుండైనా పని ఆపకపోవడం, చివరకు రాత్రి నిద్రలో ఎలుకలు కొరికినా మెలకువ రాకపోవడం, ఇవీ వేళ్లు పోవడానికి అసలు కారణాలు. నొప్పి తెలియడం ఎంత పెద్ద కాపలానో ఆయన జీవితమంతా చెబుతూనే ఉన్నారు. మనకు దగ్గర్లో, అప్పటి నిజాం రాజ్యంలోనే, నిజామాబాదు దగ్గరి డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసాబెల్ కెర్ 1915లో కుష్ఠు ఆసుపత్రిని తెరిచారు. రాజా నర్సాగౌడ్ అందుకు ధనమిచ్చారు. ఆ రోజుల్లో చాల్‌మూగ్రా నూనె సూదులు తప్ప మందు లేదు. అయినా ఎక్కడెక్కడి నుంచో నడిచి వచ్చేవారు.

ఇప్పుడు నడిచిపోవలసిన పని లేదు. ఏ ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా మందు ఉచితం. మచ్చలు అయిదుకు మించకపోతే ఆరు నెలలు, ఎక్కువైతే ఏడాది. చూసుకోవలసింది ఇది. మచ్చ పాలిపోయినట్టుగానో ఎర్రగానో ఉండి, దురద లేకుండా, చెమట పట్టకుండా, దూదితో తాకినా తెలియకుండా ఉందా? కళ్లు మూసుకోమని ఎవరిచేతనైనా దూది తాకించి చూడండి. పాలలా తెల్లగా ఉండి స్పర్శ బాగా తెలిసేది బొల్లి, అది వేరు, అంటదు. పిల్లల బుగ్గల మీది పాలిపోయిన మచ్చలు ఎక్కువసార్లు పొడి చర్మం వల్ల వచ్చేవే. అయినా అనుమానముంటే ఆశా కార్యకర్తకు చూపించండి. వ్యాధి సోకిన తర్వాత బయటపడడానికి సగటున అయిదేళ్లు, ఒక్కోసారి ఇరవై ఏళ్లు కూడా పడుతుంది. కాబట్టి ఎవరినుంచి వచ్చిందని వెతికి నిందించుకోవడం దండగ. చేతిలో బలం తగ్గడం మొదలైన ఆరు నెలల లోపు వస్తే మందులతో నరం కోలుకునే అవకాశం బాగా ఉంది. ఆ తర్వాత కష్టం.

మందు మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకు అంటించే గుణం పోతుంది. ఇంట్లోనే ఉండవచ్చు, అందరితో కలిసి తినవచ్చు, తల్లి బిడ్డకు పాలివ్వవచ్చు. కుష్ఠు ఉందని విడాకులు కోరే వీలును కూడా 2019లో చట్టం నుంచి తీసేశారు.

ఇక మందు తీసుకునేవారు మొదటి రోజే అడిగే ప్రశ్న ఒకటుంది. "మూత్రం ఎర్రగా వచ్చింది, రక్తమా?" రక్తం కాదు. రిఫాంపిసిన్ అనే మాత్రకు ఉన్న రంగే అది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది, నెలకొకసారి ఆ మాత్ర వేసుకున్నప్పుడల్లా మళ్లీ వస్తుంది. ఇంకో మాత్రతో ఒళ్లు నల్లబడుతుంది, మందు ముగిశాక కొన్ని నెలల్లో మామూలు రంగు తిరిగి వస్తుంది. ఈ రెండింటికీ భయపడి ఎవరినీ అడగకుండా మధ్యలో మందు మానేసినవారు ఉన్నారు. వారు మళ్లీ వచ్చేసరికి వేళ్లు ముడుచుకుని ఉంటాయి.