తొమ్మిది వేల ఏళ్ల కౌలు

డబ్లిన్‌లోని గిన్నెస్ స్టోర్‌హౌస్‌లో అడుగుపెట్టిన వాళ్లందరూ తల పైకెత్తుతారు. ఏడంతస్తుల భవనం నడిమధ్యన పెద్ద బీరు గ్లాసు ఆకారంలో గాజు కట్టడం లేచి ఉంటుంది. నింపగలిగితే 1.43 కోట్ల పైంట్లు పడతాయట. ఫోన్లన్నీ అటే తిరుగుతాయి. ఆ గ్లాసు అడుగున, సరిగ్గా మన కాళ్ల కింద, నేలలో ఒక గుండ్రటి అద్దం బిగించి ఉంది. అద్దం కింద పాత దస్తావేజు ప్రతి. నేను దాని పక్కన గొంతుక్కూర్చుండిపోయాను.

ఐర్లండ్ బ్రూవరీలు, విస్కీ డిస్టిలరీలు తిరిగొచ్చి ముఖచిత్ర కథనం రాయమని ఎడిటర్ పురమాయించారు. గడువు శుక్రవారం. నేను మద్యం ముట్టనని చెప్పాను. "రుచి సంగతి రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నువ్వు మిగతాది చూసిరా" అన్నారు. ఆ మిగతాదంతా నాకు ఈ కాగితంలోనే దొరికింది.

1759 డిసెంబరు 31న ఆర్థర్ గిన్నెస్ సంతకం పెట్టిన కౌలు పత్రం ఇది. సెయింట్ జేమ్సెస్ గేట్ దగ్గర మూలనపడ్డ బ్రూవరీ, నాలుగెకరాల జాగా. దాంతోపాటు ఒక మర, బార్లీని మొలకెత్తించే మాల్టు కొట్లు రెండు, 12 గుర్రాలకు సాల, 200 టన్నుల గడ్డి పట్టే అటక. ముందుగా 100 పౌండ్లు, ఆపైన ఏడాదికి 45 పౌండ్ల కౌలు. గడువు 9,000 ఏళ్లు. అంటే 10759వ సంవత్సరం దాకా!

మన శాసనాల్లో రాజు భూదానం చేస్తే 'ఆచంద్రతారార్కం' అని చెక్కించేవాడు. సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు ఉన్నంతకాలం అని. ఇక్కడొక బీరు వ్యాపారి నక్షత్రాల జోలికి పోకుండా ఏళ్లు లెక్కగట్టి రాయించుకున్నాడు. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

నచ్చడానికి ఇంకో కారణముంది. మా నాన్న గోదావరి జిల్లాలో ముప్ఫై ఏళ్లు ఒకే మూడెకరాలు కౌలుకు చేశారు. కాగితం లేదు. ఏటా తొలకరికి ముందు ఆసామి అరుగు కింద నిలబడి "ఈ ఏడు కూడా మాకే ఇస్తారా అండీ?" అని అడిగేవారు. ఆయన ఊఁ అనేదాకా ఇంట్లో విత్తనాల మాట ఎత్తేవాళ్లం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కౌలు రైతు చేతికి ఒక పత్రం ఇచ్చింది. దాని గడువు 11 నెలలు. కౌలు అంటే అలాంటి మాటగా పెరిగినవాణ్ని, ఆ అద్దం ముందు నుంచి తేలిగ్గా లేవలేకపోయాను.

కాగితం ఉన్నా గొడవ తప్పలేదు. 1775లో, గిన్నెస్ తనకు రాసిచ్చిన దానికన్నా ఎక్కువ నీళ్లు మళ్లించుకుంటున్నాడని డబ్లిన్ నగరపాలక సంస్థ కాలువ పూడ్చడానికి మనుషుల్ని పంపింది. పెద్దమనిషి గిన్నెస్ వాళ్లలో ఒకరి చేతిలోంచి గునపం లాక్కుని అడ్డం నిలబడ్డాడు. బూతులు కూడా తిట్టాడంటారు. చివరికి రాజీ కుదిరింది. నీళ్లకు ఏటా డబ్బు కట్టడానికి ఒప్పుకున్నాడు. కాలువ గట్టు మీద ఇలాంటి తగాదాలు చూడని తెలుగు రైతు ఉండడు.

ఆ కౌలు ఇప్పుడు అమల్లో లేదు. వ్యాపారం నాలుగెకరాలు దాటి పెరిగాక కంపెనీ ఆ స్థలాన్ని కొనేసింది. ఈ సంగతి కూడా ఆ అద్దం పక్కన అంతే పెద్దక్షరాలతో రాయాలి. రాసినా కాగితం విలువ తగ్గదు.

ఇక విస్కీ చరిత్ర గబగబా. ఉత్తరాన బుష్‌మిల్స్ ప్రాంతంలో 1608లోనే కాచుకోవడానికి అనుమతి ఉంది. 1830లో ఈనియస్ కాఫీ అనే ఐరిష్ మాజీ ఎక్సైజు అధికారి ఆగకుండా నడిచే కొత్త బట్టీకి పేటెంటు తీసుకున్నాడు. ఐరిష్ వాళ్లు చాలావరకు కాదన్నారు, స్కాట్లాండ్ వాళ్లు అందుకున్నారు. తర్వాత అమెరికాలో మద్యనిషేధం, బ్రిటన్‌తో వాణిజ్య తగాదా. 1970ల చివరికి దీవి మొత్తానికి మిగిలినవి రెండే డిస్టిలరీలు: బుష్‌మిల్స్, మిడిల్‌టన్. మళ్లీ కొత్తవి లేచింది ఈ మధ్యే.

కిల్‌బెగన్‌లో మరో కాగితం. 1757 నాటి డిస్టిలరీ 1950ల్లో మూతపడింది. కాచడం ఆగిపోయినా లైసెన్సు రుసుము మాత్రం ఏటా కడుతూనే వచ్చారట. 1982లో ఊరివాళ్లే పూనుకుని బాగుచేశారు, 2007లో బట్టీ మళ్లీ వెలిగింది. నీటిచక్రం ఇప్పటికీ తిరుగుతోంది. చెక్క తడిసిన వాసన, ఎద్దుబండి ఇరుసులాంటి చప్పుడు. మెరిసే డబ్లిన్ హాళ్లకన్నా నాకు ఈ ఊరే ఎక్కువ దగ్గరైంది.

బాక్సు: వీధిలో పారిన విస్కీ
1875 జూన్ 18 రాత్రి డబ్లిన్ లిబర్టీస్ పేటలో ఒక గోదాముకు నిప్పంటుకుంది. పీపాలు పగిలి విస్కీ మండుతూ వీధుల్లో పారింది. నీళ్లు కొడితే మంట ఇంకా పాకుతుందని అగ్నిమాపక దళం కెప్టెన్ ఇంగ్రామ్ గుర్రపు పేడతో కట్టలు కట్టించాడు. మంటల్లో ఎవరూ పోలేదు. టోపీలతో, బూట్లతో ముంచుకుని తాగినవాళ్లు 13 మంది చనిపోయారు.

బాక్సు: బీరు కంపెనీలో పుట్టిన లెక్క
బాపట్లలోనో రాజేంద్రనగర్‌లోనో వ్యవసాయం చదివిన ప్రతి ఒక్కరికీ 'స్టూడెంట్స్ టి-టెస్ట్' తెలుసు. ఆ 'స్టూడెంట్' గిన్నెస్ ఉద్యోగి విలియం గాసెట్. కొద్ది నమూనాలతోనే బార్లీ నాణ్యత తేల్చాల్సి వచ్చి ఈ దారి కనిపెట్టాడు. అతని సొంత పేరుతో కంపెనీ అచ్చు వేయనివ్వలేదు. 1908లో మారుపేరుతో వేశాడు.

బాక్సు: వెళ్లేవారికి
డిస్టిలరీలు చూడటానికి కారు అద్దెకు తీసుకోకండి. డబ్లిన్ నుంచి కార్క్‌కు, అక్కడి నుంచి మిడిల్‌టన్‌కు రైలుంది. 1825లో చేసిన, 1.43 లక్షల లీటర్లు పట్టే రాగి బట్టీని అక్కడ చూడొచ్చు. స్టోర్‌హౌస్‌లో మాత్రం లిఫ్టు ఎక్కేముందు ఒక్క నిమిషం కిందికి చూడండి. నేను కూర్చున్నంతసేపూ జనం ఆ అద్దం మీదుగానే నడిచి వెళ్తున్నారు.