రూట్ అధికారమున్నను ఆజ్ఞ కనబడదేల?

వరంగల్లు చౌరస్తాలోని ఒక దుకాణమున క్రొత్తగా చేరిన పనివాని చేతికి యజమాని ఒక చీటీ నిచ్చినాడనుకొందము. ఏ వస్తువు కావలసి వచ్చినను ఆ చీటీలో వ్రాసిన వీధులలో, వ్రాసిన వరుసలోనే వెదకవలెను. చీటీలో లేని చోటికి పోరాదు. చీటీలో చౌరస్తా, స్టేషను రోడ్డు, మట్టెవాడ అను మూడు పేర్లే ఉన్నవి. కావలసిన వస్తువు ఎనుమాముల మార్కెట్టులో ఉన్నది. పనివాడు మూడు చోట్లును తిరిగివచ్చి "కనబడలేదు" అని చెప్పును. అతని మాట అబద్ధము కాదు. కాని ఆ మాటకు "ఆ వస్తువు ఊరిలోనే లేదు" అని అర్థము చెప్పుకొన్నచో పొరపాటగును.

లినక్స్ సర్వర్లపై పనిచేయువారికి తరచుగా ఎదురగు "కమాండ్ నాట్ ఫౌండ్", అనగా "ఆజ్ఞ కనబడలేదు" అను సందేశము సరిగా ఇట్టిదే. అందులోను సామాన్య వాడుకరి రూట్‌గా మారిన వెంటనే ఈ సందేశము వచ్చినచో మిక్కిలి ఆశ్చర్యము కలుగును. సర్వరుపై సర్వాధికారములు గలవానికి ఒక చిన్న ఆజ్ఞ కనబడకపోవుట యేమి? దీనికి కారణము తెలిసికొన్నచో లినక్స్ నిర్మాణములోని ఒక ముఖ్యసూత్రము కూడ బోధపడును.

రూట్ అనగా ఎవరు?

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలైనవారు యూనిక్స్ అను నిర్వహణ వ్యవస్థను ప్రారంభించిరి. ఒకే కంప్యూటరును పలువురు పంచుకొనుటకు అది అనువైనది. పలువురు పంచుకొనుచోట అందరికిని అన్ని అధికారములు ఉండరాదు. కావున సామాన్య వాడుకరులు వేరు, యంత్రమునంతటిని నడపు నిర్వాహకుడు వేరు అను ఏర్పాటు కలిగినది. ఈ నిర్వాహక వాడుకరికే రూట్ అని పేరు. ఫిన్‌లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో వెలువరించిన లినక్స్‌కు ఈ ఏర్పాటే సంక్రమించినది. 2017 నవంబరు నాటికి లోకములోని అతివేగములైన 500 కంప్యూటర్ల జాబితాలో ప్రతి యంత్రమును లినక్స్‌పైననే నడచుచుండెను. మన దేశమున సీ-డాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్‌కు కూడ డెబియన్ అను లినక్స్ రకమే ఆధారము.

1959లో రీజినల్ ఇంజనీరింగు కళాశాలగా వెలసి, 2002లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీగా మారిన వరంగల్లు విద్యాసంస్థ మొదలుకొని చిన్న పాఠశాల వరకు, లినక్స్ నేర్చుకొను విద్యార్థి ఎక్కడి వాడైనను ఒకనాడు ఈ సందేశమును చూడక తప్పదు. ఉదాహరణకు, హనుమకొండలో ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు పాత కంప్యూటరుపై డెబియన్‌ను స్థాపించి దానిని సర్వరుగా వాడుచున్నాడనుకొందము. 40 మంది విద్యార్థులకు ఖాతాలు తెరువవలెను. ఆయన "ఎస్‌యు" అను ఆజ్ఞ నిచ్చి, పాస్‌వర్డు చెప్పి రూట్‌గా మారినాడు. ఖాతాలు తెరచు "యూజర్‌యాడ్" అను ఆజ్ఞ నిచ్చినాడు. కంప్యూటరు "కమాండ్ నాట్ ఫౌండ్" అన్నది. ఆ ప్రోగ్రాము సర్వరులో లేకపోలేదు. మరి లోపమెక్కడ?

షెల్ వెదకు విధము

వాడుకరి ముద్రించిన ఆజ్ఞను చదివి తగిన ప్రోగ్రామును నడపునది షెల్. మనుష్యునకును కంప్యూటరునకును నడుమ ఇది దుబాసి వంటిది. "సీడీ" వంటి కొన్ని ఆజ్ఞలు షెల్‌లోనే ఇమిడియున్నవి. తక్కిన ఆజ్ఞలలో పెక్కు వేరువేరు ఫైళ్లుగా వేరువేరు డైరెక్టరీలలో ఉండును. ఏ డైరెక్టరీలలో వెదకవలెనో షెల్‌కు తెలుపు చీటీ పేరు "పాత్". 1979లో వెలువడిన యూనిక్స్ ఏడవ కూర్పులోని బోర్న్ షెల్‌తో ఈ పద్ధతి స్థిరపడినది. పాత్‌లో డైరెక్టరీల పేర్లు వరుసగా, నడుమ రెండు చుక్కల గుర్తుతో వ్రాయబడియుండును. షెల్ ఎడమనుండి కుడికి వెదకును. మొదట కనబడిన ప్రోగ్రామునే నడపును. ఎక్కడను కనబడనిచో "కనబడలేదు" అని చెప్పి 127 అను సంఖ్యను గుర్తుగా విడుచును.

ప్రోగ్రాము కనబడినను, దానిని నడపు అనుమతి లేనప్పుడు వచ్చు సందేశము వేరు. అది "పర్మిషన్ డినైడ్", అనగా "అనుమతి లేదు" అనునది. దాని సంఖ్య 126. ఈ భేదమును విద్యార్థులు గట్టిగా గుర్తుంచుకొనవలెను. "అనుమతి లేదు" అనునది అధికారమునకు సంబంధించిన ఫిర్యాదు. "కనబడలేదు" అనునది చిరునామాకు సంబంధించిన ఫిర్యాదు. ఎంత అధికారమున్నను చిరునామా తెలియనిచో ఇల్లు దొరకదు.

రెండు చీటీలు

లినక్స్‌లో అందరికిని పనికివచ్చు ప్రోగ్రాములను "బిన్" అను డైరెక్టరీలలోను, నిర్వాహకునికి మాత్రమే పనికివచ్చు ప్రోగ్రాములను "ఎస్‌బిన్" అను డైరెక్టరీలలోను ఉంచుట ఆచారము. డెబియన్‌లో సామాన్య వాడుకరి పాత్‌లో సాధారణముగా ఎస్‌బిన్‌లు ఉండవు. రూట్ పాత్‌లో ఉండును. యూజర్‌యాడ్ ఎస్‌బిన్‌లో నివసించు ఆజ్ఞ.

ఎస్‌యు అను ఆజ్ఞను రెండు విధములుగా వాడవచ్చును. ఊరక ఎస్‌యు అన్నచో వాడుకరి రూట్ అగును. కాని అతని పాత పరిసరములు పెక్కు అట్లే నిలిచియుండును. వానిలో పాత్ ఒకటి. గుమాస్తా తహసీలుదారు కుర్చీలో కూర్చుండి తన పాత చిరునామాల పుస్తకమునే చూచుకొన్నట్లుండును. ఎస్‌యు తరువాత కొంచెము ఖాళీ వదలి ఒక అడ్డగీత చేర్చినచో, రూట్ అప్పుడే సర్వరులోనికి ప్రవేశించినట్లు లెక్క. పాత పరిసరములు తొలగి, రూట్ పాత్, రూట్ నివాస డైరెక్టరీ అమరును. ఒక చిన్న గీత ఇంత భేదమును కలిగించుచున్నది.

పూర్వము డెబియన్‌లో గీత లేకున్నను పాత్ మారుచుండెను. 2019 జూలైలో వెలువడిన డెబియన్ 10లో ఎస్‌యు ప్రోగ్రామును యుటిల్-లినక్స్ అను వేరొక సంపుటినుండి గ్రహించిరి. అప్పటినుండి గీత లేనిచో పాత పాత్ అట్లే ఉండుచున్నది. పాత పుస్తకములను బట్టి నేర్చుకొన్నవారు తికమకపడుటకు ఇదియొక కారణము. రెడ్ హ్యాట్ కుటుంబములో సామాన్య వాడుకరి పాత్‌లో కూడ ఎస్‌బిన్ ఉండుట కలదు. కనుక అచ్చట ఈ చిక్కు అంతగా కనబడదు. 2025లో వెలువడిన ఫెడోరా 42లో బిన్, ఎస్‌బిన్‌లను ఏకము చేసిరి.

"సుడో" అను ఆజ్ఞతో ఒక్కొక్క పనిని రూట్ పేరిట చేయించుకొను పద్ధతియు కలదు. సుడో చాలచోట్ల వాడుకరి పాత్‌ను ప్రక్కకు నెట్టి, తన నియమ పత్రములో వ్రాసిన "సెక్యూర్ పాత్"ను వాడును. కొన్ని సర్వర్లలో ఈ పాత్‌లో "లోకల్" డైరెక్టరీలోని బిన్ ఉండదు. నిర్వాహకుడు స్వయముగా స్థాపించిన ప్రోగ్రాములు సాధారణముగా ఉండునది అచ్చటనే. అప్పుడు సామాన్య వాడుకరికి కనబడు ఆజ్ఞ సుడోతో కనబడకపోవును. కథ తలక్రిందులైనను కారణ మొక్కటే.

దోషమును కనుగొనుట

మొదట ఆజ్ఞలోని అక్షరములను సరిచూడవలెను. లినక్స్‌లో ఆంగ్లపు పెద్ద అక్షరము వేరు, చిన్న అక్షరము వేరు.

రెండవది, "హూ యామ్ ఐ" అను మూడు మాటలను ఖాళీ లేకుండ కలిపి ముద్రించి, ప్రస్తుత వాడుకరి ఎవరో తెలిసికొనవలెను.

మూడవది, "ఎకో" ఆజ్ఞ తరువాత డాలరు గుర్తు, దాని వెంటనే పెద్ద అక్షరములలో పాత్ అని ముద్రించి చీటీని చదువవలెను. ఎస్‌బిన్ అందులో లేనిచో రహస్యము బయటపడినట్లే. "ఎగ్జిట్" అని వెలుపలికి వచ్చి, గీతతో కూడిన ఎస్‌యును వాడవలెను.

నాలుగవది, చీటీలో ఎస్‌బిన్ ఉన్నను ఆజ్ఞ కనబడనిచో ఆ ప్రోగ్రాము ఫైలు నిజముగా ఉన్నదో లేదో చూడవలెను. పూర్తి చిరునామాతో ఆజ్ఞ నిచ్చినచో, అనగా ఏటవాలు గీతలతో డైరెక్టరీల పేర్లన్నియు చేర్చినచో, షెల్ పాత్‌ను చూడనే చూడదు. అప్పుడును దొరకనిచో ప్రోగ్రామును స్థాపించవలసియుండును.

ఒక్కొక్కప్పుడు ఫైళ్ల పట్టిక చూపు "ఎల్‌ఎస్" వంటి మామూలు ఆజ్ఞలు సైతము కనబడవు. రూట్ ప్రారంభ ఫైలులో ఎవరో పాత్‌కు క్రొత్త డైరెక్టరీని చేర్చబోయి, పాత జాబితానంతటిని తుడిచివేసినారని దీని అర్థము. ఇప్పుడు కూడ భయము లేదు. ప్రోగ్రాములు ఎక్కడివి అక్కడనే ఉన్నవి. పూర్తి చిరునామాతో ఎడిటరును పిలిచి ఆ పంక్తిని దిద్దవలెను. క్రొత్త పేరుతోపాటు పాత జాబితాను కూడ నిలుపుట మరువరాదు.

తొందరపాటు వలన ప్రమాదము

సందేశమును అపార్థము చేసికొని వ్యవస్థనంతటిని తిరిగి స్థాపింప బూనుకొన్నచో, డిస్కుపైనున్న విద్యార్థుల పనులన్నియు నశింపవచ్చును. అంతకంటె సూక్ష్మమైన ప్రమాదము మరియొకటి. కొందరు విసుగుతో, రూట్ పాత్ మొదట ఒక చుక్కను చేర్చుదురు. చుక్క అనగా "ఇప్పుడున్న డైరెక్టరీ". ఒక కొంటె విద్యార్థి అందరును వ్రాయదగిన డైరెక్టరీలో ఎల్‌ఎస్ అను పేరుతో తన స్వంత ప్రోగ్రామును ఉంచినాడనుకొందము. రూట్ ఆ డైరెక్టరీలోనికి పోయి ఎల్‌ఎస్ అన్నచో, నిజమైన ఎల్‌ఎస్‌కు బదులు ఆ దొంగ ప్రోగ్రాము రూట్ అధికారముతో నడచును. మార్కుల పట్టికలు, పాస్‌వర్డులు దాని వశమగును. రూట్ తన చీటీని వేరుగా, శుభ్రముగా ఉంచుకొనవలెననుటకు కారణ మిదియే. అడ్డగీత కేవలము సౌకర్యమునకు కాదు. సామాన్య వాడుకరి చీటీలోని కల్మషము రూట్ చేతికి రాకుండ అది కొంతవరకు కాపాడును.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా ప్రయోగించి చూపవచ్చును. విలువైన ఫైళ్లు లేని ఒక కంప్యూటరుపై ఎస్‌యును గీత లేకుండ ఒకమారు, గీతతో ఒకమారు ఇచ్చి, రెండుసార్లును పాత్‌ను నల్లబల్లపై వ్రాయించవలెను. రెండు పంక్తులకును గల భేదమును విద్యార్థులే చెప్పగలరు. యంత్రము "కనబడలేదు" అన్నప్పుడు అది ఎచ్చటెచ్చట వెదకినదో ముందు అడుగుట వారికి అలవాటగును. శాస్త్రపరిశోధనలోను ఈ అలవాటు మేలుచేయునదే.