అత్తి అడిగితే... మేడి ఇచ్చినారు!

పేరు ఒకటే, చెట్లు రెండు
చిన్న సైట్లలో అంజూర పెంచాలనుకునేవారు ముందు తెలుసుకోవలసింది ఇదే

మూకండపల్లి (హోసూరు): “అన్నా, అత్తి చెట్టు ఉండాదా?”

“ఉండాదక్కా. ఎన్ని కావల్ల?”

నర్సరీ గేటు కాడ బేరం ఇంతటితో ముగుస్తుంది. అడిగిన అక్క మనసులో ఉన్నది అంగడిలో దండగా గుచ్చి అమ్మే ఎండు అంజూర. అమ్మినాయన కవరుతో సహా చేతికిచ్చింది మేడి మొక్క. మోసం లేదు, దగా లేదు. ఇద్దరూ అన్నది ‘అత్తి’ అనే. తేడా బయటపడేది నాలుగైదేళ్లకు. అప్పటికి చెట్టు మిద్దెను దాటి పోయుంటుంది. వేర్లు నీళ్ల సంపు వైపు దారి వెతుక్కుంటూ ఉంటాయి. కొట్టేద్దామంటే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు. మేడి అంటే దత్తాత్రేయుల వారి చెట్టు, ఔదుంబరం. గొడ్డలి పెట్టడానికి ఎవరికి మనసొస్తుంది?

1970లలో సిప్‌కాట్ వచ్చినాక మూకండపల్లి చేన్లన్నీ ఒక్కొక్కటిగా సైట్లయిపోయాయి. 2019లో కార్పొరేషన్ అయిన హోసూరులో ఇప్పుడు ఇది ఒక భాగం. ముప్పైకి నలభై సైటు ఉంటే గొప్ప. అందులోనే ఇల్లు, సంపు, బండి నిలిపే చోటు, తులసికోట. మిగిలిన ఆ మూరెడు మట్టిలో ఒక్క చెట్టు పెట్టుకోవాలంటే, అది ఏ చెట్టో ముందే తెలియడం చాలా అవసరం.

నాలుగు భాషల నడుమ

ఈ చిక్కు ఎక్కువగా సరిహద్దు ఊళ్లదే. తమిళంలో, కన్నడంలో, తెలుగులో ‘అత్తి’ అంటే అసలు మేడి చెట్టే. అంజూరను తమిళ పెద్దలు ‘సీమై అత్తి’ అన్నారు, తెలుగువాళ్లు ‘సీమమేడి’ అన్నారు. అంటే బయటి సీమ నుంచి వచ్చిందని. ఉర్దూలో అంజీర్, కన్నడంలో అంజూర. ఇంతవరకు ఏ గందరగోళమూ లేదు. అయితే వాడుకలో ‘సీమై’ అన్న మాట రాలిపోయింది. హోసూరు అంగళ్లలో ఎండు అంజూర ఇప్పుడు ‘అత్తి పళం’ అయి కూర్చుంది.

బైబిలు చదివే ఇళ్లలో ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. తెలుగు బైబిలులో ‘అంజూరపు చెట్టు’ అని ఉంటే, తమిళ బైబిలులో అదే చెట్టు ‘అత్తిమరం’. ఒకే ఇంట్లో అవ్వ చేతిలో తెలుగు పుస్తకం, మనవడి చేతిలో తమిళ పుస్తకం ఉంటే చెట్టు పేరు మారిపోతుంది. ఖురానులో 95వ సూరా పేరే అంజూర మీద వచ్చింది. అదీ ఈ చెట్టే.

ఇక కంచి సంగతి. 2019 జూలై 1 నుంచి ఆగస్టు 17 వరకు 48 రోజులు అత్తి వరదరు దర్శనమిచ్చినప్పుడు ఈ వైపు నుంచి జనం బస్సులెక్కి పోయారు. నలభై ఏళ్లకొకసారి కోనేటి నుంచి పైకి తెచ్చే ఆ స్వామి విగ్రహం అత్తి కొయ్యతో చేసింది. ఆ అత్తి మేడి. ఎండబెట్టి తినే అత్తి అంజూర. చుట్టాలే గానీ ఒకటి కావు.

కాబట్టి నర్సరీలో పేరు చెప్పి ఊరుకోకుండా ఆకు చూడాలి. అంజూర ఆకు అరచెయ్యి మాదిరి మూడు నుంచి ఐదు వేళ్లుగా చీలి ఉంటుంది. తడిమితే గరుకు. మేడి ఆకుకు చీలిక ఉండదు, కోలగా మొన తేలి ఉంటుంది. కాయ కాసే చోటూ వేరే. మేడికి మాను మీదే గుత్తులు గుత్తులుగా కాస్తాయి. అంజూరకు కొత్త కొమ్మ మీద, ఆకు తొడిమ మొదట్లో ఒక్కొక్కటిగా వస్తాయి. మేడి అరవై అడుగులు దాటి పోగలదు. అంజూరను కత్తిరిస్తూ ఉంటే ఆరేడు అడుగుల దగ్గర ఆపవచ్చు.

ఎండు పండు గింజలు చల్లితే?

చాలా ఇళ్లలో పిల్లలు చేసే పని ఇది. అంగడి అంజూరను చీల్చి గింజలు కుండీలో చల్లుతారు. మొలకలు వచ్చేదీ నిజమే. కాని వాటిలో దాదాపు సగం పోతు చెట్లవుతాయి. మిగిలిన వాటిలోనూ చాలా చెట్లకు కాయ నిలవాలంటే ఒక సన్నని కందిరీగ జాతి పురుగు పుప్పొడి మోసుకొచ్చి లోపల దూరాలి. అంజూరకు పనికొచ్చే ఆ పురుగు మన వైపు లేదు. అమెరికాలో కాలిఫోర్నియా రైతులకూ ఇదే అయింది. 1880లలో టర్కీ జాతి చెట్లు తెచ్చి నాటుకుంటే కాయలు పిందెలోనే రాలిపోయాయి. ఆ పురుగును తెప్పించి 1899లో స్థిరపరచినాకనే పంట చేతికొచ్చింది.

మన దేశంలో తోటల్లో పెంచే పూణే రకానికి ఈ బాధ లేదు. పుప్పొడి అందకపోయినా పండుతుంది. పూణే పక్క పురందర్ అంజూరకు 2016లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మనకు దగ్గరలో శ్రీరంగపట్నం పక్కనున్న గంజాం అంజూరకు పాత పేరు. బళ్లారి, అనంతపురం వైపు కూడా తోటలున్నాయి.

పురుగు మాట వచ్చింది కాబట్టి ఇంకొక సంగతి. బడిలో వేమన పద్యం చదివినవాళ్లకు మేడిపండు అనగానే పురుగే గుర్తుకొస్తుంది. వేమన చెప్పింది తప్పు కాదు. మేడి పండు లోపలే పూస్తుంది, దానికి సరిపడే పురుగు లోపలే గుడ్లు పెడుతుంది. ఆ భయంతో ఇంట్లో కాసిన అంజూరను పక్కన పెట్టడం మాత్రం అన్యాయం. పుప్పొడి పురుగు అవసరమే లేని రకంలో ఆ పురుగు ఎందుకుంటుంది? పంటి కింద కరకరలాడేవి గింజలే. బాగా మిగలపండిన దానిలో చీమలో, పండు ఈగ పురుగో చేరవచ్చు. అది ఏ పండుకైనా ఉండేదే. చీల్చి చూసి తినడం మంచి అలవాటు.

కొమ్మతోనే మొదలు

అంజూర తెచ్చుకోవడానికి డబ్బు కూడా అక్కర్లేదు. కాసే చెట్టున్న ఇంటికి పోయి ఒక కొమ్మ అడిగితే చాలు. చలికాలం చివర్లో కత్తిరించిన కొమ్మ మేలు. పెన్సిల్ లావు, జానెడు పొడవు, నాలుగు కణుపులు ఉండాలి. కోసిన చోట పాలు కారుతాయి, ఒక రోజు నీడలో ఆరనివ్వాలి. రెండు కణుపులు మట్టిలోకి, రెండు పైకి ఉండేటట్టు నాటి నీడన పెడితే నెల, నెలన్నరలో వేరు పడుతుంది. చివురు వచ్చింది కదా అని వెంటనే పీకి చూడరాదు. చివురు ముందు వస్తుంది, వేరు తరువాత.

హోసూరు వాతావరణం ఈ చెట్టుకు బాగానే సరిపోతుంది. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, మరీ మండిపోని ఎండ, నీళ్లు నిలవని ఎర్రమట్టి. రోజుకు ఆరు గంటలు తగ్గకుండా ఎండ పడాలి. అది కింద దొరక్కపోతే మిద్దె మీదే దారి.

నేలలో పెట్టేవాళ్లు ఒకటి మరువకూడదు. అంజూర చిన్న చెట్టే అయినా వేరు మాత్రం నీళ్ల వాసన పట్టి పోయే రకం. సంపుకు, పాయిఖానా గుంతకు పది పన్నెండు అడుగుల దూరం ఉంచాలి. ముప్పైకి నలభైలో అంత దూరం ఎక్కడిది? అందుకే చాలామందికి డ్రమ్మే మేలు. మొదటి ఏడాది ఇరవై లీటర్ల బకెట్టు చాలు, తరువాత యాభై నుంచి నూరు లీటర్లది కావాలి. కింద రంధ్రాలు పెట్టి, ఇటుకల మీద నిలపాలి. నూరు లీటర్ల డ్రమ్ములో తడి మట్టి నూట యాభై కిలోల వరకు తూగుతుంది. మిద్దె నడుమ కాకుండా కింద గోడో, దూలమో ఉన్న చోట పెట్టుకోవాలి.

ఈ ఊళ్లో మాత్రమే చెప్పవలసిన మాట ఇంకొకటి. పాత సామాన్ల అంగట్లో నీలం డ్రమ్ములు చవకగా దొరుకుతాయి. అవి ఇంతకు ముందు ఏం మోశాయో అమ్మేవాడికీ తెలియకపోవచ్చు. రసాయనాలు పోసిన డ్రమ్ములో తినే పంట పెట్టడం మంచిది కాదు. తెలియని డ్రమ్ము వద్దనుకోవాలి.

ఎర్రమట్టి, ఇసుక, మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపితే సరి. ఒక గుప్పెడు వేపపిండి కలిపితే వేరు బుడిపెలు కట్టే నులిపురుగు కొంత అదుపులో ఉంటుంది. బంతిపూల మొక్క ఒకటి అదే డ్రమ్ములో వేసినా ఆ పురుగుకు పడదు. యూరియా జోలికి మాత్రం పోవద్దు. ఆకు ఏపుగా వస్తుంది, కాయ రాదు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే డ్రమ్ము మట్టి మీద తెల్లని పొర కడుతుంది. వానాకాలంలో వాన నీళ్లు బాగా పారనిస్తే అది కడిగేసుకుపోతుంది.

కత్తెర వెయ్యనిదే కాయదు

ఇంటి అంజూరలు సరిగా కాయకపోవడానికి పెద్ద కారణం జాలి. పచ్చగా ఉన్న కొమ్మను కోయడానికి చెయ్యి రాదు. అయితే ఈ చెట్టుకు ముఖ్యమైన పంట కొత్త కొమ్మ మీదే. డిసెంబరు చివర, జనవరిలో ఆకులు చాలావరకు రాలినప్పుడు పోయినేటి కొమ్మలను సగానికి పైగా కోసెయ్యాలి. ఆ పైన ఎరువు వేసి నీళ్లు పెడితే ఫిబ్రవరిలో చివురు, చివురుతో పాటే పిందె. పెద్ద వానలకు ముందే ఎండలో పండితే తీపి బాగుంటుంది. వానల్లో పండింది చప్పగా ఉంటుంది, పగిలిపోతుంది.

నీళ్లు ఒక పద్ధతిగా పెట్టాలి. నాలుగు రోజులు ఎండగట్టి ఐదో రోజు బిందెలు బిందెలు పోస్తే పిందె రాలుతుంది, పండు పగులుతుంది. పండే రోజుల్లో కాస్త తగ్గించాలి.

ఆగస్టు నుంచి వానలు పట్టినాక అసలు పరీక్ష. ఆకు అడుగున తుప్పు రంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. పది పదిహేను రోజుల్లో చెట్టు మోడైపోతుంది. చెట్టు చచ్చిందని పీకేసేవాళ్లూ ఉన్నారు, తొందరపాటు అది. రాలిన ఆకులన్నీ ఊడ్చి దూరంగా పారెయ్యాలి, ఎరువు గుంతలో వేయరాదు. సాయంకాలం ఆకుల మీద నీళ్లు చల్లడం మానాలి. తెగులు మొదట్లోనే ఒక శాతం బోర్డో మిశ్రమం ఆకు అడుగు తడిసేటట్టు కొట్టవచ్చు. పండ్లు ఉన్నప్పుడు మాత్రం కొట్టరాదు. మాను మొదట్లో రంపపు పొట్టు మాదిరి రాలుతుంటే లోపల కాండం తొలిచే పురుగు ఉన్నట్టు. రంధ్రంలో సన్నని ఇనుప తీగ దూర్చి పురుగును చంపి, మట్టితో మూసెయ్యాలి.

పండిందో లేదో

అంజూర కోసినాక మగ్గదు. అరటి, మామిడి మాదిరి బియ్యం డబ్బాలో పెడితే మెత్తబడుతుందేమో గానీ తీపి ఎక్కదు. కాయ మెడ వంచి కిందికి వాలాలి, వేలితో నొక్కితే మెత్తగా ఉండాలి. అప్పుడే కోయాలి. ఆ రోజు కోసం గోరింకలు, ఉడుతలు కూడా కాచుకుని ఉంటాయి. పాత దోమతెర ముక్కతో ఒక్కొక్క కాయకూ సంచి కట్టడమే నమ్మకమైన ఉపాయం. తొడిమ పాలు చర్మానికి తగిలితే మంట, దురద. చేతికి వంటనూనె రాసుకుని కోయాలి, పిల్లలను దూరంగా ఉంచాలి. కోసింది ఫ్రిజ్‌లోనైనా రెండు మూడు రోజులకు మించి నిలవదు. పచ్చి అంజూర బజారులో అంతగా కనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం.

తెలియక మేడి నాటినవాళ్ల సంగతేమిటి? లేత మేడికాయలు కోసి, ఉడికించి కూర చేసుకోవచ్చు. తమిళ ఇళ్లలో అత్తికాయ పొరియల్, కూటు తెలిసినవే. మొక్క ఇంకా నడుము ఎత్తు దాటకపోతే కొట్టవలసిన పనే లేదు. వానలు మొదలైనాక కొమ్మలు సగం తగ్గించి, చుట్టూ మూరెడు వెడల్పున మట్టిగడ్డతో సహా తవ్వి, గోనెపట్టలో చుట్టి ఏ చెరువు గట్టు మీదనో, గుడి తోపులోనో పెట్టవచ్చు. ముందుగా అక్కడివాళ్ల అనుమతి తీసుకుని, మొదటి వేసవి నీళ్లు ఎవరు పోస్తారో మాట్లాడుకుని పెడితే మొక్క దక్కుతుంది.