రన్‌వే మీద ఇండ్లు కడితే బదులు జాగ ఎవరి ఊరిది?

బేగంపేట ఎయిర్‌పోర్టు గోడ పక్కపొంటి బస్సుల పోయేటోళ్లు ఒక్కసారన్న అనుకుంటరు: నడి పట్నంల ఇంత జాగ ఉత్తగ పడి ఉన్నది గదా, ఇండ్లు కడితే ఏం పోయింది? హకీంపేట ఎయిర్‌ఫోర్స్ గోడ దాటినప్పుడు, బొల్లారం దిక్కు మిలిటరీ జాగల నడుమ పోయినప్పుడు గూడ గదే మాట వస్తది. వేరే దేశాలల్ల పాత మిలిటరీ ఎయిర్‌ఫీల్డులను కాలనీలు చేసిన్రు, మనం ఎందుకు చెయ్యొద్దు అని అడిగేటోళ్లు ఉన్నరు.

అడుగుడు తప్పేం కాదు. కాని ఇది పట్నపోళ్ల ముచ్చట అనుకొని ఊర్లల్ల ఉన్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఫోన్ల పైకి జరిపేసి పోతున్నరు. దెబ్బ అక్కడనే పడ్తది. పట్నంల మిలిటరీ జాగ ఖాళీ అయితే దాని బిల్లు ఊరికి వస్తది. ఎట్లనో చూద్దాం.

ముందుగాల జాగ పుట్టుక సంగతి. సికింద్రాబాద్‌ను మన పెద్దోళ్లు ఇప్పటికీ లష్కర్ అనే అంటరు. లష్కర్ అంటే ఫౌజు, దండు. 1798ల నిజాంకు, ఈస్టిండియా కంపెనీకి ఒప్పందం అయింది. ఫౌజు కంపెనీది, ఖర్చు నిజాంది. ఆ ఫౌజు హుస్సేన్‌సాగర్‌కు ఎగువన, అల్వాల్ అనే ఊరి దిక్కు మైదానంల గుడారాలు ఏసుకున్నది. 1806 నాటికి మూడో నిజాం సికందర్ జా పేరు మీద అది సికింద్రాబాద్ అయింది. నవాబు పేరు నిలిచింది, అక్కడ పశువులు మేపుకున్నోళ్ల పేరు నిలవలే. "ఖాళీ జాగ" అన్న మాట ఎప్పుడు ఇన్నా నాకు గీ సంగతే యాదికొస్తది.

బేగంపేట ఎయిర్‌ఫీల్డు 1930లల్ల, నిజాం కాలంల మొదలైంది. ముందు ఏరో క్లబ్బు, తర్వాత నిజాం సర్కార్ దక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు అక్కడ్నుంచే లేచినయ్. ఒక్క మాట సాఫ్ చేసుకోవాలె. బేగంపేట పూర్తిగ మిలిటరీది కాదు. ఎయిర్‌పోర్టు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చేతుల ఉన్నది, దాన్ని ఆనుకొని ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉన్నది, రన్‌వే ఒక్కటే. మూడు కిలోమీటర్లకు పైన పొడుగు. 2008 మార్చి 22 రాత్రితోని టికెట్ కొనుక్కొని ఎక్కే విమానాలు అక్కడ బంద్ అయినయ్. బంద్ అయినయ్ అంటే ఎయిర్‌పోర్టు మూసేసినట్టు కాదు. ప్రధానమంత్రి వచ్చినా అక్కడనే దిగుతడు, ఎయిర్‌ఫోర్స్ పని నడుస్తనే ఉంటది, రెండేండ్లకోసారి వింగ్స్ ఇండియా అని విమానాల జాతర అక్కడనే అయితది. కాబట్టి "ఉత్తగ పడి ఉన్నది" అన్న మాటల సగం నిజమే ఉన్నది.

ఇగ మొదటి బిల్లు చూడుండ్రి. బేగంపేట నుంచి ఆ విమానాలను లేపనీకె శంషాబాద్ కాడ దగ్గరదగ్గర 5,500 ఎకరాలు తీసుకున్నరు. పట్నంల ఒక రన్‌వేకు రెస్ట్ ఇయ్యాలంటే ఊర్లల్ల ఇంకో రన్‌వే దిగింది. అంత చేసినంక బేగంపేట జాగ జనానికి వచ్చిందా అంటే గదీ లేదు. పాతది అట్లనే ఉన్నది, కొత్తది వచ్చి కూసున్నది.

ఇప్పుడు అసలు ముచ్చట. రేపు హకీంపేటనో, బేగంపేట ఎయిర్‌ఫోర్స్ భాగమో, కంటోన్మెంట్ మైదానమో రాష్ట్ర సర్కార్ అడిగిందనుకో, రక్షణ శాఖ ఎట్ల ఇస్తది?

ఫౌజు జాగకు ధరణి లేదు, భూభారతి లేదు. దాని లెక్కే వేరు. కంటోన్మెంట్ లోపలి జాగ జనరల్ ల్యాండ్ రిజిస్టర్ల ఉంటది, బయటి జాగ మిలిటరీ ల్యాండ్ రిజిస్టర్ల ఉంటది. డిఫెన్స్ ఎస్టేట్స్ ఆఫీసర్ అని ఒక ఆఫీసర్ ఉంటడు, మన దిక్కు తహసీల్దార్ ఎట్లనో ఆ జాగలకు ఆయన అట్ల. కంటోన్మెంట్ జాగను తరగతులు చేసిన్రు. ఏ-1 అంటే ఫౌజు ఇప్పుడు వాడుకునే జాగ. ఏ-2 అంటే ఇప్పుడు వాడకపోయినా ఫౌజు కోసమే ఆపిపెట్టిన జాగ. బి తరగతిల కేంద్రం వేరే శాఖలవి, రాష్ట్రానివి, పాత బంగ్లాలోళ్ల కింద ఉన్నవి, ఖాళీవి నాలుగు రకాలు. సి అంటే కంటోన్మెంట్ బోర్డు కింద ఉన్నది. మనకు ఖాళీగ కనవడే మైదానం కాయిదంల ఏ-2 కావొచ్చు. గడ్డి మొలిచినంత మాత్రాన అది ఫాల్తు జాగ కాదు.

ఆ జాగ రాష్ట్రానికి ఇయ్యాలంటే రక్షణ శాఖ ఉత్తగ ఇయ్యది. దాని విలువకు సమానమైన జాగ ఇంకో కాడ ఇయ్యాలె, లేకుంటే అంత విలువ పనులు ఫౌజుకు చేసి పెట్టాలె. వినడానికి న్యాయంగనే ఉన్నది. ఇక్కడ "సమానం" అంటే ఎకరానికి ఎకరం కాదు, పైసలకు పైసలు. అర్థం కావాలని ఒక ఉత్తుత్తి లెక్క చెప్త: పట్నంల ఎకరం 50 కోట్లు, పట్నం అవుతల ఎకరం 5 కోట్లు అనుకుందాం. పట్నంల 100 ఎకరాలు విడిపించాలంటే అవుతల 1,000 ఎకరాలు అప్పజెప్పాలె. పట్నంల రేటు పెరిగిన కొద్ది ఊర్లల్ల ఇచ్చే ఎకరాలు పెరుగుతయ్.

ఇది నా ఊహ కాదు, మన కండ్ల ముందట నడిచింది. 2017ల బైసన్ పోలో, జింఖానా గ్రౌండ్లల్ల కొత్త సెక్రటేరియట్ కడతమని అప్పటి సర్కార్ పట్టు పట్టింది. లష్కర్ జనం వద్దని రోడ్డెక్కిన్రు, కోర్టుకు పోయిన్రు. చివరికి సెక్రటేరియట్ పాత కాడనే కట్టి 2023 ఏప్రిల్ 30న తెరిచిన్రు. ఆ గ్రౌండ్ల ముచ్చట పేపర్ల నిండా వచ్చింది. దానికి బదులు చూపెట్టిన జాగ శామీర్‌పేట, జవహర్‌నగర్ దిక్కుది అన్న సంగతి ఎంతమంది పట్టించుకున్నరు? తర్వాత ఎలివేటెడ్ కారిడార్లు వచ్చినయ్, రాజీవ్ రహదారి మీద ఒకటి, నాగపూర్ రోడ్డు మీద ఒకటి. 2024 మార్చిల రక్షణ శాఖ జాగ ఇస్తనన్నది, అదే నెలల పునాది రాళ్లు పడ్డయ్. బదులు జాగ మళ్ల శామీర్‌పేట దిక్కే. జవహర్‌నగర్ అంటే తెలుసు గదా, పట్నం చెత్త అంతా పోయి గుట్ట అయ్యే ఊరు. చెత్తా అటే, బదులు జాగా అటే.

రోడ్లు వద్దని నేను అంటలే. కరీంనగర్, సిద్దిపేట నుంచి వచ్చేటోళ్లకు తిరుమలగిరి, అల్వాల్ కాడ అయ్యే గోస నాకు ఎరుకనే. కాని బదులు ఇచ్చే జాగ "సర్కారీ" అని కాయిదంల ఉంటది. నేల మీద చూస్తే అది గొర్లు మేసే బీడు, ఎప్పుడో దళితులకు ఇచ్చిన అసైన్డ్ భూమి, కుంట శిఖం ఏదన్న కావొచ్చు. ఇంకో కిరికిరి ఉన్నది. సర్కార్ జాగ ఇంకో సర్కార్‌కు పోతే భూసేకరణ నోటిఫికేషన్ రాదు. పట్టా భూమి గుంజుకుంటే కనీసం నోటీసు వస్తది, కొట్లాడనీకె ఒక తారీకు దొరుకుతది. ఇక్కడ కంచె పడ్డంకనే ఊరికి తెలుస్తది.

అంత బరువు ఊరు మోసినంక రన్‌వే మీద లేచే ఇండ్లు ఎవరికి? 2023 ఆగస్టుల కోకాపేటల సర్కార్ జాగ వేలం ఏస్తే ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. 2025 అక్టోబర్‌ల రాయదుర్గంల 177 కోట్లు పలికింది. ఈ రేటుకు కొన్న బిల్డర్ రెండు రూముల ఇల్లు కట్టి డెలివరీ బాయ్‌కు అమ్మడు. మనూరి పిల్లగానికి ఆ టవర్లల్ల దొరికేది సెల్లార్‌ల వాచ్‌మెన్ రూము. బేగంపేట రన్‌వేకు ఆనుకొనే రసూల్‌పుర బస్తీ ఉన్నది. తరాల నుంచి అక్కడనే బతుకుతున్నరు, ఇల్లు కొంచెం పైకి లేపుకోవాలన్నా పర్మిషన్ కాడ ఆగుతది. నిజంగ ఇండ్ల కోసమే జాగ అడుగుతున్నమంటే మొదటి పేరు రసూల్‌పుర కావాలె. ఆ పేరు ఎత్తినోళ్లు నాకు కనవడలే.

ఇంకో లాభం ఉన్నది, అది ఎక్కువమందికి తెల్వది. రన్‌వే ఉన్న కాడ చుట్టూ కిలోమీటర్ల కొద్ది బిల్డింగుల ఎత్తు మీద హద్దు ఉంటది. విమానం దిగే తొవ్వల అయితే ఇంకా గట్టిగ ఉంటది, దాన్ని ఫన్నెల్ జోన్ అంటరు. ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫామ్ దాంక పోయే కొత్త కారిడార్‌ను గూడ బేగంపేట ఎయిర్‌పోర్టు కాడ పైనుంచి పోనియ్యకుండ 600 మీటర్లు సొరంగం చేసింది ఇందుకే. రన్‌వే తీసేస్తే ఆ హద్దు పోతది. అంటే రన్‌వే మీద ఒక్క ఇల్లు కట్టకముందే చుట్టుపక్కల జాగలున్నోళ్ల ఆస్తి ఒక్క సంతకంతోని పెరుగుతది. "ఎయిర్‌పోర్టు ఎత్తేయాలె" అని ఎవరు గట్టిగ అరుస్తున్నరో వాళ్ల ప్లాట్లు యాడ ఉన్నయో ఒకసారి మ్యాపుల చూడుండ్రి.

వేరే దేశాల ముచ్చట తీసిన్రు గనుక అది గూడ పూర్తిగ చెప్పుకుందాం. జర్మనీల బెర్లిన్ నడుమ టెంపెల్‌హోఫ్ అని ఎయిర్‌ఫీల్డు ఉండె. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా ఫౌజు చేతుల ఉండె. అది గూడ మన బేగంపేట తీరుగ 2008లనే బంద్ అయింది. సర్కార్ అంచులల్ల దగ్గరదగ్గర 4,700 ఇండ్లు కడతమన్నది. జనం సంతకాలు పెట్టి ఓటింగు తెచ్చిన్రు. 2014 మే 25న నూటికి 64 మంది ఒక్క ఇల్లూ వద్దు, మైదానం మైదానంగనే ఉండాలె అన్నరు. ఇయ్యాల రన్‌వే మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నరు. ఇండ్ల కిరాయిలు మండిపోతుంటే అది కరెక్టేనా అని అక్కడ ఇప్పటికీ పంచాయితి నడుస్తది. నాకైతే ఓటు ఏ దిక్కు పడ్డది అన్నదానికన్నా, అడిగి ఓటు ఏయించిన్రు అన్నదే పెద్ద సంగతి.

అమెరికాల డెన్వర్ పట్నంల లోరీ ఎయిర్‌ఫోర్స్ బేస్ 1994ల మూసిన్రు. 1,800 ఎకరాలకు పైన జాగ. అక్కడ నిజంగనే ఇండ్లు, బడులు, పార్కులతోని మంచి కాలనీ అయింది. అయినా 2003ల ఇండ్లు కట్టే కాడ మట్టిల ఆస్‌బెస్టాస్ బయటపడ్డది, మట్టి ఎత్తిపోసే పని మీద పడ్డది. విమానాలు నడిచిన కాడ ఏండ్లకేండ్లు ఆయిల్ కారుతది, ఇంజన్లు కడిగే మందులు, మంట ఆర్పే నురగ భూమిల ఇంకుతది. అది బోరు నీళ్లల్ల తేలుతది. పటాన్‌చెరు చూసినోళ్లకు ఇది ఇడమరిచి చెప్పే పని లేదు. మన కాడ రన్‌వే జాగ అమ్ముతమన్నోడు మట్టి పరీక్ష గురించి ఒక్క ముక్క మాట్లాడిండా?

ఇప్పుడు వరంగల్ దిక్కు రాండ్రి. మామునూరు ఎయిర్‌ఫీల్డు గూడ నిజాం కాలం నాటిదే, 1930లది. అప్పుడు దాని కింద 1,875 ఎకరాలు ఉండె. 1981 దాంక విమానాలు నడిచినయ్, తర్వాత బంద్. బంద్ అయిన జాగను కొద్దికొద్దిగ కోసుకున్నరు. ఏండ్లు గడిచేసరికి ఎయిర్‌పోర్టు కింద మిగిలింది 700 ఎకరాలకు లోపు. ఇప్పుడు మళ్ల విమానాలు కావాలన్నరు. శంషాబాద్ ఒప్పందంల 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్టు ఉండొద్దు అన్న షరతు ఉండె, అది సడలిచ్చిన్రు. 2025 ఫిబ్రవరిల కేంద్రం ఒప్పుకున్నది. మరి జాగ? 2024 నవంబర్‌లనే ఇంకో 253 ఎకరాలు తీసుకోనీకె 205 కోట్లు మంజూరు చేసిన్రు. ఆ 253 ఎకరాలు ఎవరియి? గాడిపల్లి, నక్కలపల్లి దిక్కు రైతులవి. బయట రేటు ఎంత, మీరిచ్చేదెంత అని వాళ్లు రోడ్డు మీద కూసున్నరు. ఒకప్పుడు వెయ్యికి పైన ఎకరాలు పోగొట్టుకున్నది సర్కార్, ఆ లోటు పూడ్చేది నక్కలపల్లి రైతు.

లష్కర్‌ల ఇండ్లకు జాగ కావాలన్నా, వరంగల్‌ల విమానాలకు జాగ కావాలన్నా ఇచ్చేటోడు మాత్రం మారుతలేడు. రేపు హకీంపేటల ట్రైనింగ్ ఇంకో కాడికి మారుస్తమంటే ఆ "ఇంకో కాడ" గూడ ఆకాశంల ఉండది.

శామీర్‌పేట, మేడ్చల్, కీసర, తూప్రాన్ దిక్కు ఉన్నోళ్లు, పట్నానికి నలభై యాభై కిలోమీటర్ల లోపల ఉన్న పిల్లలు ఇప్పటి నుంచే చెయ్యగలిగిన పని ఒకటి ఉన్నది. మీ ఊర్ల సర్కారీ, అసైన్డ్, గైరాన్ సర్వే నెంబర్లు ఎన్ని, ఎంత విస్తీర్ణం, ఎవరు సాగు చేస్తున్నరు అని పాత పహాణీలు తీసి ఒక నోట్‌బుక్కుల రాసి పెట్టుకోండ్రి. రక్షణ శాఖకు బదులు ఇచ్చే జాగల జాబితాల మా మండలం సర్వే నెంబర్లు ఉన్నయా అని కలెక్టర్ ఆఫీసుల ఒకటి, డిఫెన్స్ ఎస్టేట్స్ ఆఫీసుల ఒకటి సమాచార హక్కు దరఖాస్తు పెట్టుండ్రి. అసైన్డ్ భూమికి పైసలు రావు అని ఎవడన్న బెదిరిస్తే 2004ల మేకల పాండు కేసుల ఉమ్మడి హైకోర్టు పెద్ద బెంచి ఇచ్చిన తీర్పు చూపెట్టుండ్రి. ప్రజల పని కోసం అసైన్డ్ భూమి వాపస్ తీసుకుంటే పట్టాదారుకు ఇచ్చినంతనే ఇయ్యాలె అని అది చెప్పింది. మేత బీళ్ల గురించి 2011ల జగ్‌పాల్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది గూడ ఉన్నది, ఊరుమ్మడి జాగలు ఊరికే ఉండాలె అని. దరఖాస్తుకు పది రూపాయలు, జవాబుకు ముప్పై రోజులు. తెల్లరేషన్ కార్డు ఉన్నోళ్లకు ఆ పది రూపాయలు గూడ లేవు.