గేటు వాల్వు: నిర్మాణము, వినియోగము, యాజమాన్యము

నిజామాబాద్ జిల్లా మాక్లూర్ మండలం నిజాంసాగర్ కాలువల చివరి ఆయకట్టులోనిది. ఈ ఆయకట్టుకు శ్రీరాంసాగర్ జలాశయపు నీటిని ఎత్తి అందించుటకై అర్గుల్ రాజారాం గుత్ప ఎత్తిపోతల పథకము ఏర్పడినది. పసుపు పండించు రైతులు బోరుబావులను, బిందు సేద్యమును కూడ ఆశ్రయించుచున్నారు. భారీ ఎత్తిపోతల గొట్టములకైనను, రైతు పొలములోని పైపులైనుకైనను నీటిని పూర్తిగా ఆపుటకు విరివిగా వాడబడు సాధనము గేటు వాల్వు. నీటి సరఫరా శాఖలలో దీనినే స్లూయిస్ వాల్వు అని వ్యవహరింతురు.

నిర్మాణము - పనితీరు

చక్రమును త్రిప్పినపుడు స్పిండిల్ మరల ద్వారా లోపలి గేటు ప్రవాహమునకు లంబముగా పైకి లేచును లేదా క్రిందికి దిగును. గేటు సాధారణముగా ఆప్పు ఆకారములో ఉండి, దిగినపుడు రెండు సీట్ల నడుమ బిగుసుకొనును. స్పిండిల్ పైకి లేచు రకములో వాల్వు ఎంత తెరచినదో కంటికి కనబడును. లేవని రకము తక్కువ స్థలములో ఇముడును గనుక భూగర్భ గుంటలకు అనువైనది. నీటి సరఫరాకు వాడు 50 నుండి 1200 మి.మీ. స్లూయిస్ వాల్వులకు ఐ.ఎస్. 14846 ప్రమాణము వర్తించును. చమురు శుద్ధి కర్మాగారములలోను, విద్యుత్కేంద్రముల ఆవిరి గొట్టములలోను ఇదే సూత్రముపై ఉక్కు వాల్వులు పనిచేయును.

సగము తెరచి వాడరాదు

పూర్తిగా తెరచిన గేటు ప్రవాహమార్గమునుండి తొలగిపోవును. అందువలన పీడన నష్టము అత్యల్పము. నష్ట గుణకము పూర్తిగా తెరచినపుడు సుమారు 0.2, సగము మూసినపుడు 2.1, ముప్పావు వంతు మూసినపుడు 17. గొట్టములో నీటి వేగము సెకనుకు 1.5 మీటర్లు ఉన్నచో, ఈ నష్టములు వరుసగా సుమారు 2 సెం.మీ., 24 సెం.మీ., 195 సెం.మీ. నీటి ఎత్తునకు సమానము. గ్లోబ్ వాల్వు పూర్తిగా తెరచినప్పటికిని గుణకము 10 వరకు ఉండును.

ఈ అంకెలనుబట్టి మరియొక విషయము తెలియుచున్నది. చక్రపు తొలి చుట్లలో ప్రవాహము అంతగా తగ్గదు. చివరి చుట్లలో ఒక్కసారిగా తగ్గును. కావున గేటు వాల్వు ప్రవాహ నియంత్రణకు పనికిరాదు. సగము తెరచి ఉంచినచో సన్నని సందు గుండా దూసుకుపోవు నీరు, దానిలోని ఇసుక సీటును అరగదీయును, గేటు కంపించును. అట్లు అరిగిన వాల్వు పిదప పూర్తిగా మూసుకొనదు.

పసుపు మడిలో దీని పర్యవసానము తేలికైనది కాదు. కారు నీరు నిలిచిన చోట దుంపకుళ్ళు తెగులు వ్యాపించుటకు అనుకూల పరిస్థితి ఏర్పడును. మరమ్మతునకై ఒక శాఖను వేరుచేయ వీలుకానిచో, మొత్తము లైనును ఆపవలసివచ్చును. ఆ నష్టము చివరి పొలములవారిదే. బిందు సేద్యములో అధిక పీడనమును బైపాస్ లైను ద్వారాగాని, పీడన నియంత్రకము ద్వారాగాని తగ్గించుట సరియైన పద్ధతి.

క్షేత్రస్థాయి సూచనలు

1. సెంట్రిఫ్యూగల్ పంపును డెలివరీ వాల్వు మూసి ప్రారంభించినచో మోటారుపై తొలి భారము తగ్గును. వెంటనే వాల్వును నెమ్మదిగా పూర్తిగా తెరవవలెను. మూసియుంచి ఎక్కువసేపు నడిపినచో పంపు వేడెక్కును.

2. మూయునపుడు చివరి చుట్లు మరింత నెమ్మదిగా త్రిప్పవలెను. ఉక్కు గొట్టములో సెకనుకు 1 మీటరు వేగముగల ప్రవాహము హఠాత్తుగా ఆగినచో సుమారు 100 మీటర్ల నీటి ఎత్తునకు సమానమైన పీడనము పెరిగి గొట్టము పగులవచ్చును.

3. నెలకొకసారి వాల్వును పూర్తిగా మూసి తెరచినచో తుప్పు, ఒండ్రు వలన బిగుసుకొనదు. గ్లాండు వద్ద నీరు కారినచో నట్లను సమముగా కొద్దిగా బిగింపవలెను. ఆగనిచో ప్యాకింగ్ మార్చవలెను.

4. మూసుకొనని వాల్వును పొడవాటి కడ్డీతో బలవంతముగా త్రిప్పరాదు. స్పిండిల్ వంగును. సీటులో చేరిన చెత్తను తొలగించుటకై కొద్దిగా తెరచి, నీటిని పారించి, మరల మూయవలెను.

విస్తరణ శాస్త్రవేత్తలు బిందు సేద్యపు శిక్షణలో డ్రిప్పర్లకును, వడపోత సాధనములకును ఇచ్చు ప్రాధాన్యమును వాల్వులకు కూడ ఇచ్చుట మేలు. ఆపుటకు గేటు వాల్వు, నియంత్రించుటకు తగిన వేరొక వాల్వు అను భేదము రైతుకు బోధపడినచో నీరు, విద్యుత్తు, పంట మూడును దక్కును.