పొదుపైన ఇంటి వంట – కొన్ని పదార్థములు పడని బిడ్డల పోషణము

(మునిసిపల్, తాలూకా, మండల అధికారుల యుపయోగార్థము)

1. ప్రస్తావన

పేదకుటుంబముల బిడ్డలకు బలమైన యాహారమును గూర్చి సాధారణముగా చెప్పబడు సలహా నాలుగు మాటలలో ముగియును: పాలు, కోడిగ్రుడ్డు, గోధుమ, వేరుసెనగ. ఈ సలహా మంచిదే. కొద్ది ఖర్చుతో మిక్కిలి పోషణము నిచ్చు పదార్థములలో నివి ముఖ్యమైనవి. కాని కొందరు బిడ్డల కీ నాలుగింటిలో నేదో యొకటి హానికరము. ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయకరము కూడ. అట్టి బిడ్డ యింట నున్నపుడు తల్లిదండ్రులు రెండు విధముల పొరబడుదురు. కొందరు ఖరీదైన డబ్బా యాహారము లేనిదే బిడ్డ బ్రతుకదని యప్పు చేయుదురు. మరికొందరు పడని పదార్థమును మాన్పించి, దాని స్థానమున నేమియు పెట్టక బిడ్డను క్షీణింపజేయుదురు. పడని పదార్థమును మాన్పించుట సగము పని మాత్రమే. దానితో సమానమైన పోషణమును అదే వంటింటినుండి, అదే ఖర్చుతో సమకూర్చుట తక్కిన సగము. ఇది సాధ్యమే. అందుకు కావలసిన ధాన్యములు, పప్పులు మన యంగళ్లలో నున్నవి.

2. పూర్వ వృత్తాంతము

సామాన్యుల భోజనము ప్రజారోగ్య విషయమని యీ దేశమున స్థిరపరచినవారిలో రాబర్ట్ మెక్కారిసన్ ముఖ్యుడు. ఆయన 1920 తరువాతి దశకమున కూనూరులో వివిధ ప్రాంతముల ప్రజల యాహారములను ఎలుకలకు పెట్టి పరీక్షించెను. గోధుమరొట్టె, పాలు, పప్పు, కూరగాయలు తిన్న యెలుకలు పుష్టిగా పెరిగెను. పాలు, కూరలు తక్కువగా నుండి బియ్యమే ప్రధానమైన యాహారము తిన్నవి వెనుకబడెను. ఆయన నెలకొల్పిన పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు మార్చబడి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందెను.

అంతకు ముందే ఐరోపాలో వేరొక విషయము బయటపడెను. ఒకరికి మేలు చేయు పదార్థము మరొకరి శరీరమున శత్రువువలె నెదుర్కొనబడుటను ఫ్రాన్సు దేశీయుడు షార్ల్ రిషే 1902లో వర్ణించి, 1913లో నోబెల్ బహుమానము పొందెను. 1906లో వియన్నా నగర వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే యిట్టి స్థితికి అలర్జీ యను పేరు పెట్టెను. మొదటి పరిశోధన బిడ్డల కేమి పెట్టవలెనో చెప్పుచున్నది. రెండవది కొందరి కేమి పెట్టరాదో చెప్పుచున్నది. గ్రామమునందలి వంటింట ఈ రెండును కలిసి నడువవలెను.

3. పడకపోవుట యన నేమి

మనవారు “వంకాయ పడదు”, “గ్రుడ్డు పడదు” అని తేలికగా ననుచుందురు. ఇట్లనుటలో మూడు వేరువేరు సంగతులు కలిసిపోవుచున్నవి.

మొదటిది నిజమైన అలర్జీ. పదార్థము తిన్న కొద్ది నిమిషములలో, సాధారణముగా రెండు గంటలలోపల, దద్దురులు, పెదవుల వాపు, వాంతి, ఆయాసము కలుగును. తిన్నప్పుడెల్ల నట్లే యగును; కొద్ది పాటి ముక్కయైనను చాలును.

రెండవది అరుగుదల లోపము. పాలలోని చక్కెర యరుగనివానికి పాలు త్రాగినచో కడుపుబ్బరము, విరేచనములు కలుగును గాని ప్రాణభయము లేదు. తోడుపెట్టిన పెరుగులో ఆ చక్కెర కొంత తగ్గును గనుక అట్టివారిలో పెక్కురు పెరుగు, మజ్జిగ సుఖముగా పుచ్చుకొనగలరు. పాల అలర్జీ గల బిడ్డకు పెరుగు కూడ కూడదు.

మూడవది సీలియక్ వ్యాధి. ఇందు గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ అను జిగురు వలన చిన్నప్రేవుల లోపొర చెడి, బిడ్డ యెదుగుట మానును. గోధుమ ముఖ్యాహారమైన ఉత్తర హిందూస్థానమున నిది యెక్కువగా కనబడుచున్నది. దీనికి జీవితాంతము గ్లూటెన్ మానుటయే చికిత్స.

ఈ భేదమును వైద్యుడు నిర్ణయింపవలెను. ఇరుగుపొరుగువారి మాటపై పాలు, గ్రుడ్లు, పప్పులు వరుసగా మాన్పించుటవలన బిడ్డలు చిక్కిపోవుదురు. పాలు, గ్రుడ్డు పడని పసివారిలో పెక్కురికి వయస్సు వచ్చినకొలది అవి పడును. వేరుసెనగ పడనివారిలో పెక్కురి కా గుణము నిలిచియుండును. కావున వైద్యుని సలహాతో నప్పుడప్పుడు మరల పరీక్ష చేయించుట యవసరము.

భయముచేత బిడ్డలందరికిని వేరుసెనగ మాన్పించుటయు తప్పే. లండనునందు జరిగి 2015లో ప్రకటింపబడిన పరిశోధనలో, అలర్జీ వచ్చు సూచనలు గల 640 మంది శిశువులలో కొందరికి మొదటి సంవత్సరమునుండియే వేరుసెనగ క్రమముగా పెట్టబడెను. అయిదేండ్ల వయస్సు నాటికి వీరిలో వేరుసెనగ అలర్జీ, మాన్పించినవారిలోకంటె సుమారు అయిదింట నాలుగు వంతులు తక్కువగా నుండెను. తీవ్రమైన గజ్జి గల శిశువునకు మాత్రము ముందు వైద్యునికి చూపి పెట్టవలెను. పసివారికి గింజలుగా నీయరాదు, గొంతున నడ్డుపడును. మెత్తగా నూరి ఆహారములో కలుపవలెను.

4. మాన్పించినదానికి మారు

పోషకాహార సంస్థవారి హైదరాబాదు మిశ్రమము ప్రసిద్ధమైనది. అందు గోధుమ 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుసెనగ 10, బెల్లము 20 గ్రాములు గలవు. అన్నింటిని విడివిడిగా వేయించి విసరి కలుపుదురు. ఈ 86 గ్రాములవలన సుమారు 330 కెలోరీల శక్తి, 11 గ్రాముల మాంసకృత్తులు లభించును. గోధుమ పడని బిడ్డకు 40 గ్రాముల సజ్జలు వేసినచో మాంసకృత్తులు దాదాపు తగ్గవు. జొన్నలు వేసినచో కొంచెము తగ్గును. రాగులు వేసినచో మరికొంత తగ్గును గాని సున్నపుధాతువు మిక్కిలి పెరుగును. వేరుసెనగ పడనిచో దానికి బదులు మరి 10 గ్రాముల పప్పును, అర చెంచా నూనెను చేర్చిన లెక్క సరిపోవును. వేరుసెనగ పడనివారిలో పెక్కురికి కంది, పెసర, శనగ పడును. అందరికిని పడునని చెప్పరాదు. మన దేశమున శనగ పడని బిడ్డలు కూడ కలరు. ఏ పప్పు నిశ్చయముగా పడునో చూచుకొని దానినే వాడవలెను.

కోడిగ్రుడ్డు ఒకటి సుమారు 6 గ్రాముల మాంసకృత్తుల నిచ్చును. పిడికెడు, అనగా 25 మొదలు 30 గ్రాముల వరకు కందిపప్పుగాని, పెసరపప్పుగాని అంతే యిచ్చును. ధాన్యమున కొరవడినది పప్పునందును, పప్పునందు కొరవడినది ధాన్యమునందును ఉండుటచేత అన్నము పప్పు కలిపి పెట్టినపుడే ఫలము పూర్ణముగా నుండును.

పాలు పడని బిడ్డకు మేకపాలు, గేదెపాలు మారు కావు. వాని గుణము ఆవుపాలనే పోలియుండుటచేత అవియు సాధారణముగా పడవు. అట్టి బిడ్డకు సున్నపుధాతువు రాగులవలన దొరకును. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాము లుండగా, అంతే తూకము ఆవుపాలలో సుమారు 120 మాత్రమే యుండును. రాగులలోనిది శరీరమున కంత సులభముగా పట్టదు గనుక మొలకెత్తించి వాడుట మేలు. రాగులను రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలక వచ్చిన పిదప ఎండబెట్టి, కొంచెము వేయించి విసరవలెను. మొలకెత్తిన పిండితో కాచిన జావ పలుచగా నుండును. కావున అదే గిన్నెలో నెక్కువ పిండి వేసి, చిన్న కడుపునకు నెక్కువ బలమును చేర్చవచ్చును.

ఇచట రెండు హెచ్చరికలు. ఏడాది నిండని శిశువునకు జావ తల్లిపాలకు మారు కాదు. తల్లిపాలు లేక, ఆవుపాలు కూడ పడని శిశువును వెంటనే వైద్యునియొద్దకు పంపవలెను. ఈ యొక్క సందర్భమున ప్రత్యేకమైన పాలపొడి నిజముగా నవసరము. మరియు, పాలు, గ్రుడ్డు రెండును మాని మాంసము, చేపలు కూడ తినని బిడ్డకు బి12 విటమిను శాకాహారమువలన దొరకదు. దానిని మందు రూపమున నీయవలెను.

5. గోధుమ, గ్రుడ్డు, పాలు లేని రొట్టెలు

రొట్టె పొంగుటకు గోధుమపిండిలోని జిగురు, కేకు నిలుచుటకు గ్రుడ్డు కారణములు. ఇవి లేకున్నను మన యిండ్లలో నేండ్లతరబడి పనులు జరుగుచునే యున్నవి. జొన్నపిండికి జిగురు లేదు. అందుచేతనే మరిగిన నీరు పోసి కలుపుదురు. వేడికి పిండి కొంత యుడికి బంకగా మారి, చేతితో తట్టినను విరుగక నిలుచును.

ఇడ్లీ, మినపరొట్టెలయందు మినపపప్పు బంకయే గ్రుడ్డు చేయు పని చేయుచున్నది. పిండి పులియునపుడు సూక్ష్మజీవులు వాయువును పుట్టించును; ఆ వాయువును మినపబంక పట్టియుంచును గనుక పిండి పొంగును. నానిన మినపపప్పును రుబ్బి, బియ్యపురవ్వ కలిపి, నూనె రాచిన మందపు గిన్నెలో పోసి, మూతపెట్టి, సన్నని సెగపై నుంచి, మూతపైన కొన్ని నిప్పులు వేసినచో దిబ్బరొట్టె రెండు ప్రక్కల నెర్రగా కాలును. దీనికి ప్రత్యేకమైన పొయ్యి యక్కరలేదు. బియ్యపురవ్వకు బెల్లపుపాకము, కొబ్బరికోరు చేర్చి ఆవిరిపై నుడికించిన కుడుము పండుగనాడు, పుట్టిననాడు బిడ్డ చేతిలో పెట్టదగిన తీపివంటకము. తోడి పిల్లలతోపాటు తానును తినగలిగినపుడు బిడ్డ చాటుగా పడని పదార్థము తినుట తగ్గును.

6. దాగియుండు పదార్థములు

అపాయము తెలిసి పెట్టినదానివలనకంటె తెలియక కలిసినదానివలన నెక్కువగా కలుగును.

(అ) అంగడిలో దొరకు కూట ఇంగువలో తరచుగా గోధుమపిండి కలుపబడి యుండును. సీలియక్ బిడ్డ యింట చిటికెడు ఇంగువయు చూచి వేయవలెను.

(ఆ) పిండిమరలో గోధుమ విసరిన వెంటనే జొన్నలు, రాగులు పోసినచో గోధుమపిండి వీనిలో కలియును. ఇంట తిరుగలి యుండిన మేలు. లేనిచో మర శుభ్రము చేసిన పిమ్మట మొదటి వంతు అడుగవలెను.

(ఇ) గానుగనూనెలో వేరుసెనగ మాంసకృత్తులు కొంత మిగిలియుండును. వేరుసెనగ పడని బిడ్డకు వేరు నూనె వాడవలెను. కారప్పొడులు, పచ్చళ్లు, కూరల గుజ్జులలోను వేరుసెనగ దాగియుండును.

(ఈ) పొట్లములపై 2020 సంవత్సరపు ఆహారభద్రతా నిబంధనల ప్రకారము గ్లూటెన్ గల ధాన్యములు, రొయ్య జాతులు, పాలు, గ్రుడ్లు, చేపలు, వేరుసెనగ మరియు జీడిపప్పువంటి గింజలు, సోయా, నిర్ణీతప్రమాణమునకు తగ్గని సల్ఫైటు తెలుపబడవలెను. విడిగా తూచి యమ్ము సరుకునకు చీటీ యుండదు. దానిని కొనునపుడు విచారింపవలెను.

(ఉ) మరిగించుటవలన దోషము పోవునని నమ్మరాదు. వేరుసెనగ వేయించినను తన గుణమును విడువదు. గరిటెను, చేతులను సబ్బుతో కడుగుటయే ఉపాయము.

7. బడులు, అంగన్‌వాడీలు

ప్రధానమంత్రి పోషణ్ పథకమున ప్రాథమిక తరగతుల బిడ్డకు 450 కెలోరీలు, 12 గ్రాముల మాంసకృత్తులును, పై తరగతుల బిడ్డకు 700 కెలోరీలు, 20 గ్రాములును నిర్ణయింపబడినవి. కొన్ని రాష్ట్రములలో గ్రుడ్డు, వేరుసెనగ చిక్కీ కూడ నీయబడుచున్నవి. తెలంగాణ అంగన్‌వాడీలలో పసివారి కిచ్చు బాలామృతమున గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె గలవు. బిడ్డలలో నధికసంఖ్యాకులకు మేలు చేయు నీ పదార్థములే గోధుమగాని, పాలుగాని పడని బిడ్డకు కీడు చేయును. అట్టి బిడ్డకు “తినకుము” అని చెప్పి యూరకుండుట యాతని పాలు తగ్గించుటయే. గ్రుడ్డునకు బదులు అదనముగా పప్పును, చిక్కీకి బదులు పడునట్టి వేరొకదానిని ఆ పూటనే యీయవలెను.

8. అపాయ చిహ్నములు

తిన్న పిమ్మట ఊపిరి యాడక పిల్లికూతలు వచ్చుట, గొంతు బొంగురుపోవుట, నాలుక వాచుట, బిడ్డ పాలిపోయి వ్రాలిపోవుట ప్రాణాపాయ చిహ్నములు. దద్దురులు లేకున్నను ఇట్టి స్థితి రావచ్చును. బిడ్డను వెల్లకిల పరుండబెట్టి కాళ్లను కొంచె మెత్తి యుంచవలెను, ఆయాసమున్నచో కూర్చుండనీయవలెను, నడిపింపరాదు. 108 వాహనమును పిలిచి, ఆరోగ్యకేంద్రమునకు ముందుగా కబురు చేయవలెను. దీనికి మందు ఎడ్రినలిన్. వైద్యసిబ్బంది దానిని తొడ వెలుపలి కండరమున సూదిగా నిత్తురు. దురద మాత్రలు దీనికి బదులు కావు. వానిని మ్రింగించి కనిపెట్టుకొని యుండుటవలన విలువైన నిమిషములు పోవును.

9. అధికారులు చేయదగిన పనులు

(1) ప్రతి బడియందును, అంగన్‌వాడీయందును వైద్యుడు నిర్ణయించిన బిడ్డల జాబితా వంటవారికి కనబడునట్లు, పైవారికి కనబడనట్లు ఉంచవలెను. బదులుగా నీయవలసిన పదార్థమును పేరునకెదురుగా వ్రాయవలెను.

(2) అట్టి బిడ్డల భాగమును ముందుగా వడ్డించి, వేరు గరిటె నుపయోగింపవలెను.

(3) పిండిమరల యజమానులతో మాటలాడి, వారమున కొక పూట శుభ్రము చేసిన మరలో గోధుమ తక్క ఇతర ధాన్యములు విసరునట్లు చేయవచ్చును. ఇందుకు ఖర్చు లేదు.

(4) 2013 సంవత్సరపు ఆహారభద్రతా చట్టమున బియ్యము, గోధుమలతోపాటు ముతకధాన్యములు కూడ పేర్కొనబడినవి. సీలియక్ బిడ్డ గల కుటుంబమునకు గోధుమకు బదులు బియ్యముగాని, జొన్న, సజ్జ, రాగులుగాని యిప్పించుటకు యత్నింపవలెను.

(5) ఆరోగ్యకేంద్రమున ఎడ్రినలిన్ గడువు దాటకుండ నున్నదో లేదో పరిశీలన సమయమున చూడవలెను.

(6) జాబితాలోని బిడ్డలను నెలకొకసారి తూచవలెను. తూకము పెరుగుచున్నచో మారు సరిగా నీయబడుచున్నదని యర్థము. నిలిచిపోయినచో మాన్పించుట మాత్రము జరిగి, మారు జరుగలేదని గ్రహించి, ఆ యింటి వంటను విచారింపవలెను.